గూట్లో పగిలిన తూటా

సుల్తానాబాద్ దగ్గర మా అమ్మమ్మ వాళ్ల పెంకుటింట్లో వంటింటి గోడకు ఒక గూడు ఉండేది. అందులో దీపంబుడ్డి, అగ్గిపెట్టె, చినిగిన పంచాంగం. వాటి వెనక బెత్తెడు కన్నా కాస్త పొడుగున్న ఇత్తడి గొట్టం ఒకటి. మూతికి పెదవి ఆనించి ఊదితే ఈల వచ్చేది. ఆ ఈల కోసం పిల్లలం కొట్లాడుకునేవాళ్లం. మా తాత చిన్నతనంలో ఏదో దొర వేటకు వస్తే, డప్పులు కొట్టి మృగాన్ని తోలే మందిలో పోయి తెచ్చుకున్నాడట. అడుగున గుండ్రంగా ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో ఒక అంకె: .450.

ఒక ఎండాకాలం సెలవులకు పోయేసరికి ఈల బొంగురుపోయింది. మూతి నుంచి కిందికి వెంట్రుకవాసి పగులు. ఎవరూ కింద పడేయలేదు, ఎవరూ కొట్టలేదు. ఉన్నచోటనే పగిలింది. నేను చాలా ఏళ్ల తర్వాత లోహాల పుస్తకం చదువుతుంటే ఆ పగులు కథ దొరికింది. దాంతో పాటే, వందేళ్లు దాటిన వేట రైఫిళ్లు ఇవాళ తూటా లేక ఎందుకు మూగబోయాయో కూడా తెలిసింది.

తూటా అంటే నాలుగు వస్తువులు. ముందు గుండు, దాని వెనక మందు, అడుగున దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న క్యాప్, ఈ మూడింటినీ పట్టి ఉంచే ఇత్తడి గొట్టం. మొదటి మూడూ ఒక్క పేలుడుతో అయిపోతాయి. మిగిలేది గొట్టం ఒక్కటే. కాల్చాక పారేసే డబ్బా అనిపిస్తుంది గానీ అసలు పనంతా దానిదే. మందు అంటుకోగానే లోపలి పీడనం మామూలు గాలి పీడనానికి రెండున్నర వేల రెట్లు దాటుతుంది. మన ఇంట్లో కుక్కర్ విజిల్ వేసేటప్పటి పీడనం రెండు రెట్లు. అంత ఒత్తిడికి ఇత్తడి గోడలు ఉబ్బి తుపాకి గదికి అతుక్కుపోతాయి. కాలుతున్న వాయువు ఒక్క చుక్క కూడా వెనక్కి, కాల్చేవాడి ముఖం మీదికి రాకుండా మూత పడుతుంది. గుండు నాళిక దాటగానే పీడనం పోతుంది, ఇత్తడి వెంట్రుకవాసి ముడుచుకుంటుంది, గొట్టం బయటికి జారుతుంది. రెండు మిల్లీసెకన్లలో ఉబ్బాలి, మళ్లీ ముడుచుకోవాలి. రాగికి అంత బిగువు లేదు, ఇనుముకు అంత ఒదుగుబాటు లేదు. 70 పాళ్ల రాగి, 30 పాళ్ల జింకు కలిపిన ఇత్తడికి రెండూ ఉన్నాయి. లోహ పరిశ్రమలో ఆ పాళ్లకు తూటా ఇత్తడి అనే పేరే స్థిరపడిపోయింది.

గూట్లోని .450 కథ లండన్‌లో మొదలైంది. జాన్ రిగ్బీ అనే తుపాకుల కంపెనీ 1898లో .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ అనే తూటా తెచ్చింది. గొట్టం పొడవు మూడుంపావు అంగుళాలు. అంతకు ముందు అదే గొట్టంలో పొగ వచ్చే నల్ల తుపాకిమందు కూరేవాళ్లు. రిగ్బీ దాన్ని తీసి కార్డైట్ అనే పొగరాని కొత్త మందు పెట్టింది. గుండు బరువు 480 గ్రెయిన్లు. గ్రెయిన్ అంటే కొత్తగా అనిపిస్తుంది గానీ మన అవుసుల వాళ్ల త్రాసుకు అది దగ్గరి చుట్టమే. 1833లో కంపెనీ ప్రభుత్వం తులాన్ని 180 గ్రెయిన్లుగా ఖాయం చేసింది. అంటే ఆ గుండు రెండు తులాల పైన మూడింట రెండు వంతులు, 31 గ్రాములు. మందు 70 గ్రెయిన్లు, అర తులం కూడా లేదు. ఆ చిటికెడు మందు ఆ గుండును సెకనుకు 655 మీటర్ల వేగంతో తోసేది. సుల్తానాబాద్ రైస్ మిల్లులో బియ్యం బస్తా మోసే హమాలీ లెక్కలో చెప్పాలంటే, 50 కిలోల బస్తాను నాలుగంతస్తుల మేడ మీదికి ఎత్తేంత శక్తి, ఒక్క క్షణంలో. ఏనుగుల కోసం, అడవి దున్నల కోసం, పులుల కోసం చేసిన తూటా అది.

ఆ రోజుల్లో నిజాం రాజ్యపు ఉత్తర, తూర్పు అడవులంటే వేటగాళ్లకు ప్రాణం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు పులుల వేట పిచ్చి. 1902 ఏప్రిల్‌లో వైస్రాయ్ కర్జన్, ఆయన భార్య వరంగల్ వైపు నెక్కొండ దగ్గర చచ్చిన పులి పక్కన నిలబడి ఫొటో దిగారు. తీసింది రాజా దీన్‌దయాళ్. ఆ ఫొటో ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. అప్పటికి .450కి నాలుగేళ్ల వయసు.

ఐదేళ్లు తిరక్కుండా ఆ తూటాకు ఇండియా తలుపులు మూసుకున్నాయి. 1907 ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వం .450 తూటాల దిగుమతిని ఇండియాలో, సూడాన్‌లో నిషేధించింది. అడవి జంతువుల మీద జాలి కాదు. సిపాయిల మార్టినీ-హెన్రీ రైఫిల్ గుండు కూడా అదే లావు. వాయవ్య సరిహద్దులో, అక్కడా ఇక్కడా ఆ పాత రైఫిళ్లు తిరుగుబాటుదార్ల చేతుల్లో పడ్డాయి. వేట తూటా గుండు పీకి వాటిలో వాడుకుంటారేమోనని సర్కారు భయం.

వేటగాళ్లు మానుకోలేదు, తుపాకుల కంపెనీలు ఊరుకోలేదు. .450 వద్దంటే .465, .470, .475 అని ఒక్కో కంపెనీ ఒక్కో తూటా తీసింది. పనిలో, బలంలో అన్నీ .450కి కవలలే. గుండు లావులో మాత్రం దాదాపు అర మిల్లీమీటరు తేడా. 11.6 మిల్లీమీటర్ల గుండు నిషేధం కింద పడుతుంది, 12 మిల్లీమీటర్లది పడదు. చట్టానికి చిక్కకుండా ఉంటే చాలు. ఆ అర మిల్లీమీటరు వల్ల ఒక్కో తూటాకూ వేరే గొట్టం, వేరే గుండు, వేరే అచ్చు కావాల్సి వచ్చింది. ఒక్కో తూటాను కొనేవాళ్లు కొద్దిమందే. అంత చిన్న సంతలో ఏ సరుకూ చాలాకాలం నిలవదు. పాత తూటాలు కాలం చెల్లి పోయాయని అందరూ అంటారు గానీ, వాటిలో సగం పుట్టినప్పుడే ఆయుష్షు తక్కువ రాసుకుని పుట్టాయి. అది సర్కారు రాసిన రాత.

ఇక్కడ మన భర్మార్‌ను ఒక్కసారి తలుచుకోవాలి. తెలంగాణ పల్లెల్లో, సాయుధ పోరాటంలో, గోండు గూడేల్లో తిరిగిన నాటు తుపాకి అది. మూతి నుంచి మందు పోసి, గుడ్డపేలికతో కూరి, పైన సీసపు గుండో ఇనుప ముక్కో వేసి కాల్చేవాళ్లు. దానికి ఏ కంపెనీ తూటా అక్కర్లేదు. గొట్టమే లేదు కాబట్టి గొట్టం దొరకలేదన్న దిగులూ లేదు. రిగ్బీ రైఫిల్ ముందు భర్మార్ మొరటు వస్తువే. కానీ వందేళ్ల తర్వాత మూగబోయింది రిగ్బీయే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వేట దేశాలన్నీ ఒక్కొక్కటే స్వతంత్రమయ్యాయి, దొరలు ఇళ్లకు పోయారు. 1970 నాటికి బర్మింగ్‌హామ్‌లోని కైనోక్, ఈ పెద్ద తూటాలన్నింటికీ పెట్టింది పేరైన కంపెనీ, వాటి తయారీ ఆపేసింది. మన దేశంలో 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. ఒకప్పుడు వేట డేరాలు వెలిసిన ఆదిలాబాద్ అడవుల్లో 2012 నుంచి కవ్వాల్ పులుల అభయారణ్యం ఉంది. రైఫిళ్లు మాత్రం ఉన్నాయి. చేతితో చెక్కిన వాల్‌నట్ కర్ర, రాకెట్టులా సూటిగా ఉన్న రెండు నాళికలు. బీరువాలో, బ్యాంకు లాకరులో, వారసుల లైసెన్సు మీద. తూటాలే లేవు.

విదేశాల్లో కొందరు వాటిని మళ్లీ బతికించే పని పెట్టుకున్నారు. కాల్చిన గొట్టంలో కొత్త క్యాప్, మందు, గుండు పెట్టి ఇంట్లోనే తూటా చేసుకోవడాన్ని హ్యాండ్‌లోడింగ్ అంటారు. మామూలు తూటాలకు అది డబ్బు మిగిలే అలవాటు. కాలం చెల్లిన తూటాలకు వేరే దారే లేదు. నాలుగు వస్తువుల్లో ఏది దొరకడం కష్టం? కొత్తవాళ్లు మందు అనుకుంటారు. కాదు, ఇత్తడే.

ఇత్తడి గొట్టాన్ని పోత పోయరు. బిళ్లను గిన్నెలా వంచి, అచ్చులోంచి పదేపదే లాగి పొడుగు చేస్తారు. ప్రతిసారి లాగాక అది బిరుసెక్కుతుంది. మళ్లీ కాల్చి మెత్తబరచాలి. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు తేల్చే పనివాళ్లను చూస్తే ఇది వెంటనే అర్థమవుతుంది. రేకును సుత్తితో కొడతారు, బిగుసుకుపోగానే పొయ్యిలో కాల్చి మళ్లీ కొడతారు. కాల్చకుండా కొట్టుకుంటూ పోతే పగులుతుంది. లోపల స్ఫటికాలు దెబ్బ దెబ్బకూ ఒకదాని మీద ఒకటి నలిగి చిక్కుపడతాయి. వేడి తగలగానే ఆ చిక్కు విడిపోయి కొత్త స్ఫటికాలు పుడతాయి. తూటా గొట్టం మూతిని ప్రతి కాల్పూ ఒకసారి ఉబ్బిస్తుంది, తిరిగి సైజుకు నొక్కడం మరో దెబ్బ. అందుకే నాలుగైదు సార్లు వాడాక మూతి వరకే కాల్చి మెత్తబరచాలి. అడుగు భాగానికి వేడి తగిలితే మాత్రం ప్రమాదం. పీడనం మొత్తం ఆగేది అక్కడే.

మా గూట్లో గొట్టం పగులుకు వస్తాను. పంతొమ్మిదో శతాబ్దంలో ఇండియాలోని బ్రిటిష్ సైన్యం వానాకాలంలో కదలకుండా దిగబడిపోయేది. ఆ నెలలు తూటాలను గుర్రపు సాలల్లో దాచేవాళ్లు. వానలు పోయాక తీసి చూస్తే చాలా గొట్టాలు మూతి దగ్గర పగిలి ఉండేవి. ఎవరూ వాటిని కాల్చలేదు, కొట్టలేదు. ఋతువు మారితే పగులుతున్నాయి కాబట్టి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టి వదిలేశారు. గుట్టు విప్పింది 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు. గుర్రపు మూత్రంలోంచి లేచే అమోనియాదే ఆ పని. అమోనియా, తేమ, గాలి కలిస్తే ఇత్తడిలోని రాగి కరిగిపోతుంది. మామూలు ఇత్తడికి ఇది పెద్ద ప్రమాదం కాదు. లాగి లాగి చేసిన గొట్టంలో మాత్రం పైకి కనబడని బిగువు దాగి ఉంటుంది. గుండును పట్టుకోవడానికి మూతిని నొక్కి ఉంచారు కాబట్టి అక్కడ బిగువు మరీ ఎక్కువ. అమోనియా స్ఫటికాల సందుల్లోంచి లోపలికి తొలుచుకుపోతే, ఆ బిగువు దాన్ని చీల్చుతుంది. విరుగుడు చాలా సులువు. తయారయ్యాక తక్కువ వేడిలో ఒకసారి కాల్చి బిగువు తీసేయాలి. ఇప్పటికీ మిలిటరీ తూటాల మెడ దగ్గర నీలం, గోధుమ రంగుల నీడ కనిపిస్తుంది. అది ఆ మంట ముద్దరే.

మా గూడు అవతలి గోడకు ఆనుకుని గొడ్లకొట్టం ఉండేది. నా అనుమానమంతా దాని మీదే.

ఇత్తడి తోమే కొన్ని పాలిష్‌లలో కూడా అమోనియా ఉంటుంది. అందుకే పాత తూటాలు దాచుకునేవాళ్లు ఆ పాలిష్‌లను తాకరు, గొట్టాలను నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో కడుగుతారు. మన అమ్మలు చింతపండుతో చెంబులు తోమడం కూడా అదే రసాయనం.

పాత కైనోక్ గొట్టాల్లో ఇంకో దెబ్బ ఉంది. అప్పటి క్యాపుల్లో పాదరసపు ఫల్మినేటు ఉండేది. పేలగానే పాదరసం ఆవిరై ఇత్తడిలోకి ఇంకుతుంది, ఇత్తడి గాజులా పెళుసైపోతుంది. నల్ల తుపాకిమందు కాలంలో మసి అంతా ఆ పాదరసాన్ని పీల్చుకునేది. కార్డైట్ మసి లేకుండా కాలడం వల్ల దెబ్బంతా ఇత్తడి మీద పడింది. ఒకసారి కాలిన అలాంటి గొట్టం అందమైన పేపర్‌వెయిట్ అవుతుంది గానీ మళ్లీ తూటా కాదు. క్యాపుల్లోనే పొటాషియం క్లోరేటు కూడా ఉండేది. కాలాక ఉప్పు లాంటి పొడి మిగిలేది, అది తేమ పీల్చి రాత్రికి రాత్రి నాళికను తుప్పు పట్టించేది. మన వానాకాలంలో వేట నుంచి రాగానే మరిగే నీళ్లు నాళికలో పోసేవాళ్లు. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. ఈ చిన్న రసాయన సూత్రం తెలిసిన వేటగాడి రైఫిల్ బతికింది, తెలియనివాడిది తుప్పు పట్టింది.

క్యాపుల్లో ఒక తమాషా కూడా ఉంది. క్యాప్ పద్ధతులు రెండు. ఒకటి ఇంగ్లీషువాడైన బాక్సర్ చేసింది, ఇంకోటి అమెరికన్ బర్డాన్ చేసింది. చివరికి అమెరికన్లు బాక్సర్ క్యాపుకు, యూరప్‌వాళ్లు బర్డాన్ క్యాపుకు అలవాటు పడ్డారు. బాక్సర్ క్యాపును గొట్టం లోపలి నుంచి సన్నటి సూదితో తోసి పడేయొచ్చు. బర్డాన్‌లో ఆ సూది పోదు. పాత బ్రిటిష్ గొట్టాల్లో చాలావాటికి బర్డాన్ క్యాపే, అదీ ఇప్పుడెవరూ చేయని సైజుల్లో. అందుకే ఆస్ట్రేలియాలోని బెర్‌ట్రామ్ లాంటి చిన్న కంపెనీలు కొత్త గొట్టాలను బాక్సర్ పద్ధతిలో చేసి అమ్ముతున్నాయి. ఇంగ్లండ్‌లో కైనోక్ పేరు మీద పెద్ద తూటాల తయారీని మరో చిన్న కంపెనీ మళ్లీ మొదలుపెట్టింది. ఒక్కో తూటా ధర వింటే గుండె ఆగుతుంది.

గుండు మాత్రం .450 వాడికి సులువుగా దొరుకుతుంది. 1956లో వించెస్టర్ కంపెనీ ఆఫ్రికా వేటకు .458 మాగ్నం తెచ్చింది. దాని గుండు సరిగ్గా .450 గుండు లావే. ఇప్పుడు అమెరికాలో దాన్ని సులువుగానే కొనుక్కోవచ్చు. నిషేధం తప్పించుకోవడానికి పుట్టిన .465 వాడే ఇవాళ గుండు కోసం ఎక్కువ వెతుక్కోవాల్సి వస్తోంది. సర్కారు 1907 ప్రాంతంలో వద్దన్న గుండు లావే ఇవాళ సులువుగా దొరుకుతోంది.

మందు దగ్గర ఎండ చిక్కు ఉంది. 1889లో ఏబెల్, డ్యూవర్ తయారుచేసిన కార్డైట్‌లో 58 పాళ్లు నైట్రోగ్లిజరిన్, 37 పాళ్లు గన్‌కాటన్, 5 పాళ్లు వాజిలిన్. గన్‌కాటన్ అంటే నైట్రిక్ ఆమ్లంలో తడిపిన పత్తే. ఆదిలాబాద్ రైతుకు పత్తి కొత్త కాదు, దానికి ఇలాంటి అవతారం ఉందన్నదే కొత్త. కార్డైట్ ఎంత వేడెక్కితే అంత వేగంగా కాలుతుంది, పీడనం అంత పెరుగుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, రామగుండం ఎండలో గంటసేపు తూటా ఉంటే, ఇంగ్లండ్ చలిలో కొలిచిన పీడనం ఇక్కడ పనికిరాదు. ఇత్తడి అవసరానికి మించి ఉబ్బి గదిలో ఇరుక్కుపోతుంది. గాయపడ్డ పులి ఎదురుగా ఉన్నప్పుడు ఖాళీ గొట్టం బయటికి రాకపోతే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. కైనోక్ ఉష్ణ దేశాల కోసం మందు తగ్గించిన తూటాలు వేరుగా అమ్మింది. ఈ భారీ గొట్టాల్లో పీడనం మొదటి నుంచీ తక్కువగా ఉంచిందీ ఈ ఎండ భయంతోనే.

ఇప్పుడు కార్డైట్ లేదు. గొట్టం పాత నల్ల తుపాకిమందు పట్టేంత పెద్దది కాబట్టి, కొత్త మందు పోశాక లోపల ఖాళీ మిగలొచ్చు. మందు ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి జారితే ప్రతి కాల్పూ ఒక్కో రకంగా ఉంటుంది. అందుకే కొందరు ఆ ఖాళీలో బూరుగు దూది పెడతారు. దిండులో కూరే బూరుగు దూదే.

డబుల్ బ్యారెల్ రైఫిల్‌లో మరో చిక్కు. రెండు నాళికలూ సమాంతరంగా ఉంటే గుండ్లు ఒకేచోట పడతాయని మనం అనుకుంటాం. పడవు. కుడి నాళిక పేలితే రైఫిల్ కుడివైపు, పైకి తన్నుతుంది. గుండు ఇంకా నాళికలోనే ఉండగా ఆ తన్ను మొదలైపోతుంది. కాబట్టి తయారుచేసేవాడు రెండు నాళికల మూతులను కొద్దిగా లోపలికి వంచి అతికిస్తాడు, కాల్చి చూసి, కాచి, మళ్లీ అతికిస్తాడు. వారాల పని అది. ఫలానా మందు, ఫలానా గుండు, ఫలానా వేగం అనే ఒక్క లెక్కకే ఆ అతుకు సరిపోతుంది. వేగం ఎక్కువైతే గుండు తొందరగా బయటికి పోయి రెండు గుండ్లూ అడ్డంగా దాటుకుంటాయి, తక్కువైతే పక్కలకు చెదురుతాయి. అందుకే బ్రిటిష్ రైఫిళ్ల నాళికల అడుగున కార్డైట్ ఎన్ని గ్రెయిన్లు, గుండు ఎంత అని చెక్కి ఉంటుంది. వందేళ్ల కిందటి ఆ చెక్కుడును పట్టుకుని, వేరే మందుతో, వేరే గుండుతో అదే వేగం పట్టుకోవాలి.

కాలం చెల్లడం అనేది దేశాన్ని బట్టి కూడా ఉంటుంది. ఆస్ట్రియా-హంగరీ సైన్యం 1890 ప్రాంతంలో వాడిన 8 మిల్లీమీటర్ల మన్లిహర్ తూటా యూరప్‌లో ఎప్పుడో పోయింది. ఇండియాలో .303 లాంటి సైనిక సైజులు మామూలు జనానికి నిషేధం కాబట్టి, ఆ ఆస్ట్రియన్ తూటానే .315 అనే పేరుతో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తన సివిల్ రైఫిల్‌కు తీసుకుంది. యూరప్‌లో చచ్చిన తూటా మన దేశంలో ఇంకా కొత్తగా తయారవుతోంది. .450ని చంపిన నిషేధపు లెక్క లాంటిదే .315ను బతికించింది.

ఇదంతా చదివి మన దగ్గర ఎవరైనా ప్రయోగం చేద్దామనుకుంటే, 1959 ఆయుధాల చట్టం ఒప్పుకోదు. దాని 5వ సెక్షన్ కింద లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

మా అమ్మమ్మ ఇల్లు కూలిపోయింది. ఆ గొట్టం ఏమైందో ఎవరికీ గుర్తు లేదు. అలాంటి గూళ్లు, అటకలు, పాత పెట్టెలు మన జిల్లాల్లో ఇంకా చాలా ఉన్నాయి. ఎప్పుడైనా సామాను సర్దుతుంటే గుండుతో సహా ఉన్న తూటా కనిపిస్తే, తోమకండి, గుండు పీకకండి, పొయ్యి దగ్గర పెట్టకండి. వందేళ్లనాటి కార్డైట్‌కు కూడా నిప్పు అంటుకుంటుంది. దాన్ని ఉన్నచోటనే ఉంచి, పిల్లలను దూరం పెట్టి, దగ్గరి పోలీస్ స్టేషన్‌కు కబురు చేయండి.